గడప దాటి ఏం పోతోందో చూసుకోండి

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మాది విజయవాడ కృష్ణలంక. బందరు కాలువకు దగ్గర్లో ఒక అపార్టుమెంటులో ఉంటాం. నేను, మావారు, అత్తయ్య గారు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. చింటూ అని మూడేళ్ళ లాబ్రడార్ ఉంది. చిన్న చేపల తొట్టె కూడా ఉంది. అద్దం శుభ్రం చేస్తుందని షాపువాళ్ళు ఇచ్చిన నల్ల చేప ఒకటి అందులో జానెడు పెరిగి మిగతా చేపలను తిరగనివ్వడం లేదు. "పాపం, ఆదివారం దాన్ని కాలువలో వదిలేద్దాం, హాయిగా బతుకుతుంది" అంటోంది మా అమ్మాయి. అత్తయ్య గారు రోజూ మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో కట్టి వీధిలో ఆవుకు పెడతారు. నేను బాల్కనీలో పక్షులకు నీళ్ళు పెడతాను, గేటు దగ్గర రెండు వీధికుక్కలకు అన్నం పెడతాను. తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తాను, గుడ్డ సంచి లేకుండా బజారుకు వెళ్ళను. ఈ మధ్య మావారు, "ఇంట్లో కుక్కను పెట్టుకుని పర్యావరణం అంటావేంటి? దాని ప్యాకెట్లు, మందులు, షాంపూలు, ఎండాకాలం ఏసీ లెక్కేసుకో. ముందు దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు. ఊరికే అన్నారో నిజంగా అన్నారో తెలియదు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది, అమ్మాయి ఏడుస్తోంది. కుక్కను పెంచుకోవడం నిజంగా తప్పా? కాకపోతే ఎలా పెంచుకోవాలి?
ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

అమ్మా, చింటూను ఎవరికీ ఇవ్వకండి. మీ ఇంట్లో తినే తిండే ఇంకో ఇంట్లో తింటుంది, భూమికి మిగిలేది ఏమీ ఉండదు. పైగా పెద్దయ్యాక చేతులు మారిన కుక్కల్లో కొన్నింటిని ఆ రెండో ఇంటివాళ్ళు కూడా ఉంచుకోరు. నా సర్వీసులో అలా రోడ్డున పడ్డ లాబ్రడార్లను ఎన్నింటినో చూశాను. పక్కటెముకలు తేలి, ఒళ్ళంతా గజ్జి పట్టి, తోక మాత్రం ఊపుతూ వచ్చేవి. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో బతకడం రాదు.

మీవారు చెప్పిన లెక్కను మాత్రం నేను కొట్టిపారేయను. భారం ఉంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం కుక్క వల్ల వచ్చేది కాదు, కుక్క పేరు చెప్పి మనం చేసే పనుల వల్ల వచ్చేది. వాటిని మార్చుకోవచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ నల్ల చేప. ఆదివారం అన్నారు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

దాన్ని కాలువలో వదలొద్దు. ఎంత మాత్రం వద్దు.

షాపుల్లో దాన్ని సక్కర్ ఫిష్ అనీ, ట్యాంక్ క్లీనర్ అనీ అమ్ముతారు. కొన్నప్పుడు బొటనవేలంత ఉంటుంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మీ తొట్టెలో జానెడు పెరిగింది, కాలువలో పడితే మూరెడు పెరుగుతుంది. ఒంటి నిండా పెంకుల్లాంటి గట్టి పొలుసులు, రెక్కలకు ముళ్ళు. మన నీళ్ళలో దాన్ని పట్టి తినగలిగే జీవి దాదాపు లేదు. గట్టు మట్టిలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, అలా గట్లు గుల్లబారతాయి. నీళ్ళు మురిగినా చావదు, పైకి వచ్చి గాలి మింగుతుంది. మన బొచ్చెలూ శీలావతులూ ఊపిరాడక తేలిపోయే చోట అది బతికేస్తుంది. కృష్ణలోనూ కొల్లేటిలోనూ జాలర్లకు ఇప్పుడు అది బాగా తెలిసిన చేప. దెయ్యం చేప అని పేరు పెట్టారు.

ఒక సాయంత్రం బ్యారేజీ దిగువన ఒక జాలరి వల సర్దుకుంటుంటే పక్కన కూర్చున్నాను. నాలుగు దెయ్యం చేపలు పడ్డాయి. ఒక్కోదాన్ని విడదీయడానికి పావుగంట పట్టింది. ముళ్ళు దారాల్లో ఇరుక్కుపోయాయి. లాగితే వల తెగుతోంది, లాగకపోతే చేప రావడం లేదు. చివరికి చిన్న కత్తితో వలనే కోసుకున్నాడు. నాలుగు చేపలకు నాలుగు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో నా పిడికిలి పట్టేంత ఖాళీ. ఆ చేపను కొనేవాళ్ళు లేరు, వండుకునేవాళ్ళు లేరు. అతను వాటిని గట్టు మీద పడేసి, చీకటి పడేదాకా అక్కడే కూర్చుని వల అల్లుకున్నాడు.

ఇవి మన నీళ్ళలోకి ఈదుకుంటూ రాలేదు. సముద్రాలు దాటించి తెచ్చింది మనుషులే. మీ అమ్మాయిలా జాలిపడిన వాళ్ళు ఎందరో తలా ఒకటి వదిలారు, కొన్ని చెరువుల్లోంచి వరదకు కొట్టుకొచ్చాయి. మీ అమ్మాయి మనసు మంచిది. ఆ మనసును తిట్టకుండా ఈ సంగతి చెప్పండి. నమ్మకపోతే కాలువ మీదకు తీసుకెళ్ళి గుర్రపుడెక్క చూపించండి. ఆ మొక్కది కూడా దక్షిణ అమెరికానే. పూలు అందంగా ఉన్నాయని ఒకప్పుడు తెచ్చి నీళ్ళలో పెంచారు. ఇప్పుడు ఏటా యంత్రాలు పెట్టి తీసినా కాలువల్లోంచీ చెరువుల్లోంచీ పోవడం లేదు.

మరి చేపను ఏం చేయాలి? ముందు కొన్న షాపులో అడగండి, చాలామంది వెనక్కి తీసుకుంటారు. లేదంటే పెద్ద తొట్టె ఉన్న వాళ్ళెవరికైనా ఇవ్వండి. రెండూ కుదరకపోతే పశువుల డాక్టరును అడిగితే నొప్పి తెలియకుండా దాన్ని పోనివ్వడానికి పద్ధతి ఉంది. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది. అయినా ఒక్క చేప కోసం కాలువలోని చేపలన్నిటినీ కష్టపెట్టలేం. గోల్డ్ ఫిష్ అయినా గప్పీలు అయినా, షాపుల్లో అమ్మే ఎర్ర చెవుల తాబేలు అయినా ఇదే మాట. తొట్టె నీళ్ళు మార్చినప్పుడు మొక్కలకు పోయండి, మంచి ఎరువు. ఉప్పో మందో కలిపి ఉంటే మాత్రం మొక్కలకు వద్దు, బాత్రూంలో పోసేయండి. తొట్టెలోని నాచు, మొక్కల ముక్కలు ఎండబెట్టి చెత్తలో వేయండి, కాలువలో పారేయకండి.

ఇక అత్తయ్య గారి సంగతి. ఆవిడ చేతిని ఆపకండి, కవరును ఆపండి.

నేను గుంటూరు జిల్లాలో పనిచేసేటప్పుడు ఒక పాడి ఆవును తీసుకొచ్చారు. మేత మానేసి నాలుగు రోజులయింది, నెమరు లేదు. ఎడమ డొక్క ఉబ్బి ఉంది, పిడికిలితో నొక్కితే చపాతీ పిండిలో పడ్డట్టు గుంట పడి అలాగే ఉండిపోతోంది. మత్తిచ్చి డొక్క కోసి పెద్ద పొట్టలోకి చెయ్యి పెట్టాను. భుజం దాకా వెళ్ళింది. వేళ్ళకు తాడులా మెలిపడిన ముద్ద తగిలింది. పట్టుకుని లాగుతుంటే వస్తూనే ఉంది. పాల ప్యాకెట్లు, చట్నీ కవర్లు, పూలు కట్టిచ్చిన కవర్లు, అన్నీ ఒకదానికొకటి పెనవేసుకున్నాయి. రెండు గంపలు నిండాయి. వాటిలో ఒక కవరుకు వేసిన ముడి వేసినట్టే ఉంది. కోసి చూస్తే లోపల పులిసి నల్లబడిన అన్నం, కొంచెం కరివేపాకు, ఒక మునక్కాయ ముక్క.

ఎవరో ఒక తల్లి పుణ్యమని పెట్టిన ముద్ద అది. ఆవుకు ముడి విప్పుకోవడం రాదు. ఆవు మనలా నమిలి మింగదు, ముందు గబగబా మింగేసి తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. కవరులో తిండి వాసన వస్తే కవరుతో సహా మింగుతుంది. ప్లాస్టిక్ అరగదు, బయటకూ పోదు. ఆ ఆవు బతికింది. తర్వాతి వారం ఇంకొకటి వచ్చింది, అది బతకలేదు.

120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. అయినా ఏ బండి దగ్గరైనా అడక్కుండానే ఇస్తున్నారు. అందుకని మన ఇంట్లోకి వచ్చిన కవరు మన ఇంట్లోంచి తిండితో కలిసి బయటకు వెళ్ళకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది.

అత్తయ్య గారికి ఒక స్టీలు బేసిన్ ఇవ్వండి. తోటకూర కాడలు, బీరకాయ చెక్కు, అరటి తొక్కలు, పుచ్చకాయ డొక్కలు అందులో వేసి ఆవు ముందు పెట్టి, తినేదాకా ఉండి, బేసిన్ ఇంటికి తెచ్చుకోమనండి. పాత రోజుల్లో ప్రతి ఇంటి పెరట్లో కుడితి గోలెం ఉండేది కదా, బియ్యం కడిగిన నీళ్ళు, తౌడు, తొక్కలు అన్నీ అందులోకే వెళ్ళేవి. ఆవిడకు ఆ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. అన్నం మాత్రం గుప్పెడు మించి వద్దు. వండిన అన్నం, పొంగలి, పులిహోర ఎక్కువగా తింటే ఆవు పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుంది. పండగ మర్నాడు మా ఆసుపత్రికి అలాంటి పశువులు తప్పకుండా వచ్చేవి. పది ఇళ్ళవాళ్ళు తలా ఒక పళ్ళెం పెడితే అది తట్టుకోలేదు. ఒక్క రోజులో ప్రాణం మీదకు వస్తుంది.

ఇప్పుడు చింటూ దగ్గరకు వద్దాం.

మీ ఇంటి దగ్గరి కాలువ ఎక్కడికి పోతుందో మీ అమ్మాయిని అడగండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగిన కృష్ణ నీళ్ళు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లో పడి ఊరి మధ్య నుంచి డెల్టాకు పోతాయి. పొలాలకే కాదు, ఊళ్ళలో మంచినీటి చెరువులకు కూడా ఆ నీళ్ళే. వేసవిలో కాలువ వదిలారంటే దిగువ ఊళ్ళవాళ్ళు ముందు చెరువు నింపుకుంటారు. మనం ఇక్కడ కాలువలోకి వదిలింది అక్కడ ఒకరి బిందెలోకి చేరుతుంది. నాకు ఇంట్లో జంతువును పెంచుకోవడంలో మొదటి లెక్క ఇదే. ప్యాకెట్లు, ఏసీ తర్వాత.

చింటూ ఉదయం బయటకు వెళ్ళినప్పుడు చేసేది మీరు ఎత్తుతున్నారో లేదో రాయలేదు. ఎత్తకపోతే ఈ రోజు నుంచే ఎత్తండి. పేడలాగే ఇదీ ఎరువైపోతుందని చాలామంది అనుకుంటారు. మాంసం తినే కుక్క మలంలో ఏలిక పాముల గుడ్లు ఉండవచ్చు. అవి మట్టిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉండగలవు. ఆ మట్టిలో ఆడుకున్న పిల్లల కడుపులోకి చేరితే ఒక్కోసారి కంటి చూపు కూడా దెబ్బతింటుంది. వాన పడితే అదంతా డ్రైనులోంచి కాలువలోకే. పాత న్యూస్‌పేపర్ ముక్కతో ఎత్తి, మలాన్ని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయండి, కాగితం చెత్తలోకి. అపార్టుమెంటులో కాస్త నేల ఉంటే అడుగున్నర లోతు గుంట తీసి అందులో వేసి ఎప్పటికప్పుడు మట్టి కప్పండి. కూరగాయల మడికి మాత్రం దూరంగా ఉండాలి. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు తప్పనిసరి. రేబిస్ టీకాతో పాటు ఎలుక జ్వరానికి, అంటే లెప్టోకు, కూడా ఏటా టీకా వేయించండి. కాలువ గట్టున ఎలుకలకు కొదవ ఉండదు.

మందుల గురించి కాస్త గట్టిగా చెబుతాను. దానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు మా ఊరి బయట పశువు కళేబరం పడితే గంటలో రాబందులు దిగేవి. మర్నాటికి ఎముకలు మాత్రం మిగిలేవి. నేను ఉద్యోగంలో చేరాక జ్వరం, నొప్పి అన్న ప్రతి పశువుకూ డైక్లోఫెనాక్ వేశాం. చవక, వెంటనే పనిచేసేది. నా చేత్తో ఎన్ని వేశానో లెక్క లేదు. ఆ మందు వేశాక చచ్చిన పశువును తింటే రాబందుల మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయని 2004లో బయటపడింది. 2006లో మన దేశం పశువులకు దాన్ని నిషేధించింది. అప్పటికే మూడు రకాల రాబందుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. అవి లేని చోట కళేబరాల మీద కుక్కలు పెరిగాయి, కుక్కలతో పాటు రేబిస్ భయం పెరిగింది. తెలిసి చేసింది కాదు. అయినా రాబందు మాట వస్తే నాకు ఆ సిరంజి గుర్తొస్తుంది. జంతువుకు వేసిన మందు జంతువులోనే ఆగిపోదని నేను నేర్చుకున్నది అలా.

కుక్కల విషయంలో ఆ జాగ్రత్త గోమార్ల మందు దగ్గర కావాలి. పిడుదులని కూడా అంటారు. మెడ మీద చుక్కలుగా వేసే మందుల్లో ఎక్కువగా ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉంటుంది. గుంటూరు మిర్చి రైతునడిగితే ఇమిడాక్లోప్రిడ్ అంటే ఏంటో చెబుతాడు, రసం పీల్చే పురుగులకు కొట్టేది అదే. ఫిప్రోనిల్ వరిలో వాడతారు. రెండూ తేనెటీగలకు, నీళ్ళలోని పురుగులకు విషం. ఫిప్రోనిల్ రొయ్యలకు మరీను. ఇంగ్లండులో నదుల నీళ్ళు పరీక్షిస్తే దాదాపు ప్రతి నమూనాలోనూ ఫిప్రోనిల్ కనిపించింది. అక్కడి పొలాల్లో దాని వాడకం ఎక్కువ లేదు. పెంపుడు జంతువుల ఒంటి నుంచి స్నానాల్లో కడుక్కుపోయిందే ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు.

అలాగని మందు మానేయమనను. గోమార్ల వల్ల వచ్చే జ్వరంతో కుక్క ప్లేట్‌లెట్లు పడిపోయి చావడం మన ఊళ్ళలో మామూలే. అవసరమైనప్పుడు డాక్టరు చెప్పినంత వేయండి. నెల తిరిగిందని అలవాటుగా వేయకండి. వేసిన తర్వాత కనీసం రెండు రోజులు స్నానం వద్దు. కాలువలో, నదిలో మాత్రం ఎప్పుడూ కడగొద్దు. ఆదివారం పూట ఘాట్ల దగ్గర కుక్కలకు షాంపూ రుద్దేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. గోమారు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద గడవదు, గోడ పగుళ్ళలో, గుమ్మం సందుల్లో గడుస్తుంది. ఒక ఆడ గోమారు అక్కడ వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు ఎంత మందు వేసినా మళ్ళీ వస్తాయి. సందులు సిమెంటుతో పూడ్పించండి, చింటూ పడుకునే గుడ్డను వారానికోసారి మరిగే నీళ్ళలో వేయండి. రోజూ సాయంత్రం పది నిమిషాలు చెవుల వెనక, వేళ్ళ సందుల్లో వెతికి పట్టకారుతో తీసి సబ్బు నీళ్ళలో వేయండి, చేత్తో నలపొద్దు. ఈ పని మీ అమ్మాయికి అప్పజెప్పండి. చింటూకు కూడా హాయిగా ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్లలకు ఇచ్చే జ్వరం బిళ్ళలు, మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు ఇవ్వకండి. పక్కింట్లో పిల్లి ఉంటే వాళ్ళకూ చెప్పండి, ఒక్క పారాసిటమాల్ బిళ్ళ పిల్లిని చంపుతుంది.

తిండి విషయంలో మీవారి మాటలో నిజం ఉంది. ప్యాకెట్ పూర్తిగా మానేయమని అనను, అందులో పోషకాలు సరిచూసి కలుపుతారు. కానీ సగం ఇంటి తిండి పెట్టవచ్చు. చికెన్ షాపుకు స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. మనుషులు పెద్దగా కొనని మెడలు, కందనకాయలు, గుండెలు అడగండి. కుక్క కోసం బోన్‌లెస్ కొనడం అనవసరం. షాపులో మిగిలిపోయేవి తెల్లారేసరికి కవర్లలో కాలువ గట్టు మీద తేలుతున్నాయి, వాటి చుట్టూ కుక్కల గుంపు. అందులో కొంతైనా చింటూ పళ్ళెంలోకి వస్తే మంచిదే. ఉడికించి, ఎముకలు తీసేసి, అన్నంలో గుమ్మడికాయో క్యారెట్టో వేసి కలపండి. ఉడికిన ఎముక ముక్కలు పేగులకు గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి వద్దు, కుక్క రక్తం పాడవుతుంది. అంటే మన కూరలో ముద్ద కలిపి పెట్టడం కుదరదు. వట్టి పెరుగన్నంతో కూడా లాబ్రడార్ బలంగా ఉండదు. ఇంటి తిండిలో కాల్షియం తక్కువవుతుంది, గుడ్డు పెంకులు కడిగి ఎండబెట్టి మెత్తగా పొడి చేసి వాడవచ్చు. ఎంత వేయాలో బరువు చూసి డాక్టరు చెబుతారు.

చింటూ పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. మెత్తగా నిమిరితే ఎముకలు చేతికి తెలియాలి. తెలియకపోతే ఎక్కువ పెడుతున్నారన్నమాట. లాబ్రడార్ ఎంత పెట్టినా తింటుంది, ఇంకా అడుగుతుంది. ఒళ్ళు పెరిగితే కీళ్ళ నొప్పులు, వాటికి మందులు, మళ్ళీ ఎండకు ఆయాసం, దానికి ఏసీ. మీవారి లెక్కలో సగం ఇక్కడే తగ్గుతుంది.

ఏసీ అంటే గుర్తొచ్చింది. మామూలు ఎండకు చింటూకు ఫ్యాను, తడి గోనెసంచి, కడిగిన గచ్చు చాలు. కుండ నీళ్ళు రెండు చోట్ల పెట్టండి. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించకండి, ఆ బొచ్చే ఎండను కూడా ఆపుతుంది. నడక తెల్లవారుజామునే. మీ అరచెయ్యి వెనక వైపు రోడ్డు మీద ఏడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆన్చలేవు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే రోజున, గోడలు కూడా సెగలు కక్కుతున్నప్పుడు మాత్రం ఏసీ వేయండి, తప్పు చేసినట్టు అనుకోకండి. చిక్కటి జొల్లు కారుస్తూ, చిగుళ్ళు ఎర్రబడి తూలుతోందంటే వడదెబ్బ. మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీ అమ్మాయి స్నేహితురాళ్ళ ఇళ్ళలో హస్కీని చూసి ఎప్పుడైనా అడిగితే మాత్రం ఒప్పుకోకండి. మంచులో బండి లాగే కుక్కను తెచ్చి బెజవాడలో ఇరవై నాలుగు గంటలూ ఏసీ గదిలో ఉంచడం ఆ జీవికి శిక్ష.

గేటు దగ్గరి రెండు కుక్కల గురించి: చెవి చివర చిన్న కోత ఉందేమో చూడండి. ఉంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్టు. లేకపోతే కార్పొరేషన్ వాళ్ళకు చెప్పి చేయించండి. 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి మళ్ళీ అదే చోట వదలాలి. టీకా మళ్ళీ ఏటా కావాలి, ఒకసారి వేసి వదిలేస్తే సరిపోదు. తిండి గేటు దగ్గర పెట్టకండి, పిల్లలు వచ్చిపోయే దారి అది. అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడి ఒక మూల, ఒక వేళ ఖాయం చేసుకోండి. తిన్న పళ్ళెం వెంటనే తీసేయండి, మిగిలిన మెతుకులకు ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం విషం పెడతారు, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది. ఎవరినైనా కరిచినా, గీరినా పావుగంట సేపు సబ్బుతో ధారగా నీళ్ళ కింద కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళాలి. రేపు చూద్దాం అనుకోవద్దు.

బాల్కనీలో పక్షుల నీళ్ళు రోజూ పారబోసి, గిన్నె లోపలి గోడ పీచుతో తోమి మళ్ళీ నింపండి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడకే అంటుకుని, ఎండినా నెలల పాటు ఉంటాయి. పావురాలకు గింజలు చల్లకండి, అవి ఇప్పటికే ఎక్కువయ్యాయి, వాటి రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిచ్చుకలు కావాలంటే సంక్రాంతి రోజుల్లో పల్లె నుంచి వరి కంకుల కుచ్చు ఒకటి తెప్పించి కిటికీ పైన కట్టండి. మా అమ్మమ్మ గారి చూరుకు ఏటా కొత్త కుచ్చు వేలాడేది. పిచ్చుకలు తలకిందులుగా వేలాడి ఒక్కో గింజ ఒలుచుకుంటుంటే ఊక నేల మీద రాలేది. దాన్ని ఊడ్చడం నా పని.

మీ అమ్మాయి చేపను వదలలేకపోయానని బాధపడుతుంటే, చలికాలంలో ఒక ఆదివారం గుంటూరు పక్కన ఉప్పలపాడు తీసుకెళ్ళండి. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతుంటాయి. వాటికి బోను లేదు. పక్కనే ఇళ్ళు, పశువులు, బడి పిల్లలు. ఆ ఊరివాళ్ళు వాటిని తరమరు, కొట్టరు, అందుకే ఏటా వస్తాయి. పొద్దున్నే వెళ్తే తల్లి పక్షి గొంతు సంచిలో పిల్ల తల మొత్తం దూర్చి చేప తినడం చూడవచ్చు. చింటూను మాత్రం ఆ రోజు ఇంట్లో అత్తయ్య గారి దగ్గర ఉంచి వెళ్ళండి. అది ఒక్కసారి మొరిగినా గూళ్ళలోంచి పెద్ద పక్షులన్నీ లేచిపోతాయి, పిల్లలు ఎండలో ఉండిపోతాయి.